కోమాలో కారిన కన్నీరు: ఒక అర్హత సమస్య

మనిషి ఇంతవరకూ కట్టుకున్న వ్యవస్థలన్నింటిలోకీ ఓడిపోయినవాడంటూ లేనిది ఒక్కటే ఉంది. అది టీవీ సీరియల్ నటీమణులకు ఏటా జరిగే పురస్కారాల వ్యవస్థ. కోర్టులో ఒకడు గెలిస్తే ఇంకొకడు ఓడతాడు. ఎన్నికల్లో ఒకడు గెలిస్తే పదిమంది మొహం చాటేస్తారు. చివరికి పెళ్ళిలో కూడా ఎవరో ఒకరు నష్టపోతారు (ఎవరన్నది ఏ ఇంటి సంగతి ఆ ఇంటిది). ఈ పురస్కారాల్లో ఆ బెడదే లేదు. ఛానెల్లో నటీమణులు అరవై ముగ్గురు. అవార్డులూ అరవై మూడే.

ఇన్ని అవార్డులు ఎక్కడినుంచి వచ్చాయని అనుమానం అక్కర్లేదు. ఉత్తమ కోడలు, ఉత్తమ అత్త, ఉత్తమ మారిన అత్త, మారినట్టు నటించిన ఉత్తమ అత్త అని మొదలుపెడితే ఇరవై దాకా సునాయాసంగా వస్తాయి. ఆ తర్వాతే అసలు పరిశోధన. మెట్లమీద నుంచి ఉత్తమంగా జారిపడిన నటి ఉంది. చేతిలో కాఫీ కప్పును సరైన వార్త విన్నప్పుడు సరైన ఎత్తునుంచి వదిలేసిన నటి ఉంది. తలుపు చాటునుంచి ఉత్తమంగా విన్న నటి విభాగంలో ఒక ఏడాది ఇద్దరు సమానంగా వినడంతో, కమిటీ మూడు రోజులు తలలు పట్టుకుని, దాన్ని కుడి తలుపు, ఎడమ తలుపు అని విడగొట్టింది. ఇద్దరూ స్టేజీ మీద ఏడ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంత నిర్దుష్టమైన వ్యవస్థలో ఈ ఏడాది ఒక చిన్న తేడా వచ్చింది. పేర్లన్నీ సర్దేశాక ఒక అవార్డు, ఒక మనిషి మిగిలిపోయారు. ఒకటికి ఒకటి సరిపోయింది కదా, ఇచ్చేస్తే పోలా అని మామూలు మనుషులకు అనిపిస్తుంది. అందుకే మామూలు మనుషుల్ని కమిటీల్లో వేయరు.

మిగిలిపోయిన మనిషి పెద్దకోడలు. ఆవిడకు సొంత పేరు ఒకటి ఉండేది గానీ, పదకొండేళ్ళుగా ఒకే సీరియల్లో పెద్దకోడలుగా ఉండిపోవడంతో దాని అవసరం పడలేదు. కూరగాయలమ్మేవాడు పెద్దకోడలుగారూ అంటాడు. పక్కింటివాళ్ళు పిల్లలకి పెద్దకోడలు అత్తయ్య అని చూపిస్తారు. ఆవిడ తల్లిని పక్షవాతంతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు, నర్సులు మంచం దగ్గరి చీటీ మీద "పెద్దకోడలు వాళ్ళమ్మ" అని రాసుకున్నారు. ఆ తల్లి కూడా దాన్ని చూసి గర్వంగా నవ్వింది, నోరు ఒక పక్కకే వెళ్తున్నా.

అసలు ఈ కథంతా ఆ ఆసుపత్రితోనే మొదలైంది.

తల్లి పడిపోయిన మర్నాడు పెద్దకోడలు దర్శకుడి దగ్గరికి వెళ్ళి నాలుగు వారాలు సెలవు అడిగింది. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. దర్శకుడు చెడ్డవాడు కాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు, టీ తెప్పించాడు, తన తల్లి మోకాళ్ళ గురించి కాసేపు చెప్పుకున్నాడు.

"కానీ సెలవంటే ఎలాగమ్మా? రోజూ కనిపించే పాత్రవి. ఉన్నపళంగా మాయమైపోతే జనం ఊరుకుంటారా? సెలవనేది నీకు ఉంటుంది గానీ పాత్రకి ఉండదు కదా."

"మరి ఏం చెయ్యమంటారు సార్?"

ఆయన కాసేపు పైకప్పు చూసి, ఇంట్లో బిడ్డకు చిల్లర ఇచ్చే తండ్రిలా అన్నాడు: "కోమా ఇస్తాను, తీసుకో."

పెద్దకోడలు ఆ రోజంతా ఆయనకు మనసులో దండాలు పెట్టుకుంది. కోమాలో ఉన్న మనిషికి మాటలుండవు, నడక ఉండదు, పని ఉండదు, హాయిగా అమ్మ దగ్గర కూర్చోవచ్చని అనుకుంది. మర్నాడు పొద్దున ఆరింటికి ప్రొడక్షన్ నుంచి ఫోన్ వచ్చింది, కారు బయల్దేరిందని. ఎందుకని అడిగితే అవతలివాడు ఆశ్చర్యపోయాడు. కోమాలో ఉన్న మనిషి మంచం మీద లేకపోతే మిగతావాళ్ళు ఎవరిమీద పడి ఏడుస్తారండీ అన్నాడు.

అంతకుముందు రోజుకు నాలుగు సీన్లు ఉండేవి. కోమాలోకి వెళ్ళాక పదకొండయ్యాయి. ఇంట్లోని ప్రతి పాత్రా విడివిడిగా వచ్చి, తలుపు వేసి, తన రహస్యం ఆవిడకు చెప్పుకుని వెళ్ళాలి (స్పృహలో ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఆవిడకు ఏదీ చెప్పేవారు కాదు). లిప్‌స్టిక్కు చెరగకుండా, చెవులకు బుట్టలూ మెడలో మూడు వరసల హారమూ వేసుకుని, ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళు మూసుకుని పడుకునేది. మూడు వీధుల అవతల నిజం ఆసుపత్రిలో తల్లి పడుకుని ఉంటే, సెట్టులో వేసిన ఆసుపత్రిలో కూతురు పడుకుని ఉండేది. ఇద్దరిలో మంచి మంచం కూతురిదే.

సాయంత్రం ఆరింటికి కారు దిగి పరుగెత్తేది. ఏడున్నరకు వార్డులో ఉన్న టీవీలో సీరియల్ వచ్చేది. తల్లి కళ్ళార్పకుండా చూసేది.

"ఇంకా లేవలేదే," అనేది తల్లి.

"నేనిక్కడే ఉన్నా కదమ్మా."

"నువ్వు కాదు. అది." ఎడమ చేత్తో టీవీ వైపు చూపించేది. "దాన్ని ఎవ్వరూ సరిగ్గా చూడటం లేదు. ఆ చిన్నకోడలు పాలల్లో ఏదో కలుపుతోంది. నర్సు కూడా దాని మనిషే."

"లేస్తుందిలే అమ్మా."

"ఎప్పుడు?"

"తొందర్లోనే."

తల్లి నమ్మేది కాదు. ఆసుపత్రి సంగతులు ఆవిడకు బాగా తెలుసు.

ఇలా ఆరు వారాలు గడిచాక ఒక ఉదయం చిన్నకోడలికి ఏడు నిమిషాల సీన్ పడింది. చిన్నకోడలు సీరియల్లో పరమ దుర్మార్గురాలు, బయట పెద్దకోడలికి ప్రాణ స్నేహితురాలు. మంచం పక్కన నిలబడి, ఇన్నేళ్ళుగా చేసిన పాపాలన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోవాలి. మధ్యలో ఆపేది లేదు, ఒకే షాట్. పెద్దకోడలు ఎప్పటిలాగే ఫోన్‌ను మూగగా పెట్టి దిండు కింద దాచుకుంది. పగలు తల్లి దగ్గర ఉండే చెల్లెలితో ఆవిడకు ఒక ఒప్పందం ఉంది: మందులు, పరీక్షలు, డాక్టరు ఏమన్నాడు, ఇవన్నీ మెసేజీలే పెట్టాలి. ఫోన్ మాత్రం ఒక్క సంగతికే చెయ్యాలి.

పదకొండూ ఇరవైకి, చిన్నకోడలు మూడో పాపంలో ఉండగా, దిండు కింద ఫోన్ అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. అలా నాలుగుసార్లు.

పెద్దకోడలు కదల్లేదు. షాట్ పాడవుతుందని కాదు, ఆ సమయంలో ఆవిడకు షాట్ గుర్తులేదు. కళ్ళు తెరవనంతసేపూ అమ్మ ఉన్నట్టే అనిపించింది. తెరిస్తే లేనట్టు. అందుకని గట్టిగా మూసుకునే పడుకుంది. మూసిన ఎడమ కంటి చివరనుంచి ఒక్క చుక్క బయటికొచ్చి, చెవి బుట్ట మీదుగా దిండులోకి పోయింది.

దర్శకుడు కట్ చెప్పాక మానిటర్‌లో చూసి నొసలు చిట్లించాడు. కోమాలో కన్నీరేమిటి, తప్పు కదా అన్నాడు. మళ్ళీ తీద్దామనుకుంటే మంచం మీద మనిషి లేదు. ఒంటి మీది నగలతోనే, ఆసుపత్రి గౌనులోనే ఆవిడ రోడ్డు మీద పరుగెడుతోంది. (దారిలో ఇద్దరు ఆపి సెల్ఫీ అడిగారు. కోమాలోంచి లేచారా, చాలా సంతోషం అన్నారు.)

ఆవిడకు రెండు రోజులు సెలవిచ్చారు. ఆ రెండు రోజులూ దుప్పటి కింద దిండ్లు పేర్చి, జుట్టు మాత్రం కనిపించేలా పెట్టి సీన్లు తీసేశారు. ప్రేక్షకుల నుంచి ఫిర్యాదులేమీ రాలేదు. అమ్మ బతికుండగా ఆ దిండ్ల ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదని ఆవిడ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

తప్పుగా వచ్చిన ఆ షాట్ వేరే దారి లేక ప్రసారమైంది. అయితే జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఒక్క చుక్కను ఫోన్లలో లక్షలమంది మళ్ళీ మళ్ళీ చూశారు. ఒక వార్తా ఛానెల్ ఇద్దరు నరాల డాక్టర్లను కూర్చోబెట్టి, కోమాలో కన్నీరు సాధ్యమా అని గంటన్నర వాదింపజేసింది. కాబట్టి ఆ ఏడాది అవార్డు ఆవిడదేనని అందరూ అనుకున్నారు. ఛానెల్ వీధి చివర నిలబెట్టిన బోర్డు మీద కూడా "మా నటీమణులంతా విజేతలే" అని నిలువెత్తు అక్షరాలున్నాయి.

చిక్కంతా ఆ బోర్డుతోనే. అందరూ విజేతలే అని రాశాక ఒకరు విజేత కాకపోతే బోర్డు అబద్ధమవుతుంది. బోర్డును సవరించడం ఖర్చుతో కూడిన పని. మనిషిని సవరించడం తేలిక. అందువల్ల ఏ ఏడాదైనా అవార్డు రాని పాత్రను మరుసటి నెలలో కథలోంచి సాగనంపాలని నిబంధన ఉంది. కోమాలో ఉన్నావిడ విషయంలో రచయితలకు పెద్దగా కష్టం కూడా లేదు, మంచం పక్క గుండె మిషన్ మీద ఒక గీత సమంగా అయిపోతే చాలు. అవార్డు వస్తే మాత్రం స్టేజీ మీదికి నడిచి రావాలి కాబట్టి, ప్రదానానికి వారం ముందే కోమాలోంచి లేపాలి. పెద్దకోడలు లేస్తుందా పోతుందా అన్నది ఇప్పుడు డాక్టర్ల చేతిలో లేదు, అర్హతల అధికారి చేతిలో ఉంది.

అర్హతల అధికారి గది ఛానెల్ భవనం రెండో అంతస్తులో, లిఫ్టు ఆగని చోట ఉంటుంది. బీరువాల మీద పోయినేటి ట్రోఫీలు, చేతులు విరిగినవి, పడుకోబెట్టి ఉంటాయి. గదిలో ఎవరూ లేకపోయినా టోకెన్ తీసుకోవాలి. పెద్దకోడలు ఒకటో నంబరు టోకెన్ తీసుకుని, అధికారి ఎదురుగా ఇరవై నిమిషాలు కూర్చుంది. ఆయన అప్పుడప్పుడూ తలెత్తి మర్యాదగా నవ్వుతూ, మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోయేవాడు. చివరికి బల్ల మీది బోర్డులో ఒకటి అంకె వెలిగింది.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు, కూర్చునే ఉన్నావిడతో. "మీ దరఖాస్తు చూశాను. మా ఇంట్లో అందరం మీ అభిమానులం. కదలకుండా ఉత్తమంగా నటించిన నటి, విభాగం బ్రహ్మాండంగా సరిపోయింది. ఒక్కటే ఇబ్బంది. గ్లిజరిన్ రిజిస్టరులో మీ పద్దు లేదు."

ఆయన రిజిస్టరు తిప్పి చూపించాడు. తేదీ, సీన్, కుడి కన్నా ఎడమ కన్నా, ఎన్ని చుక్కలు, మేకప్ మనిషి సంతకం. ఆ రోజు పేజీలో చిన్నకోడలివి పద్నాలుగు చుక్కలున్నాయి, అత్తగారివి ఆరు, గుమ్మం దగ్గర నిలబడ్డ వంటమనిషివి రెండు.

"నేను వేసుకోలేదండీ. అదే వచ్చింది."

"అదే వచ్చింది అంటే?"

"దానంతటదే."

అధికారి కలం మూసి పక్కన పెట్టాడు. "రిజిస్టరులో లేని కన్నీరు నటన కిందికి రాదమ్మా. అది మీ సొంతం. సొంత కన్నీటికి అవార్డు ఇవ్వడం మొదలుపెడితే రేపు అందరూ ఇంటినుంచి తెచ్చుకుంటారు. అప్పుడు మేం దేన్ని కొలవాలి?"

పెద్దకోడలు జరిగింది చెప్పింది. దిండు కింద ఫోన్ సంగతి, నాలుగుసార్లు అదిరిన సంగతి.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి (ఆయన ఉద్యోగంలో అది పరిగణనలోకి రాదు). "అయ్యయ్యో. నాకు తెలియదమ్మా. ఎంత వయసు?"

"అరవై ఎనిమిది."

"ఏం వయసు పాపం." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కానీ చూడండి, మీరిది చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఇరవై రెండో నిబంధన వస్తుంది. స్వంత దుఃఖం బయటి సహాయం కింద లెక్క. మిగతా అరవై ఇద్దరికీ ఆ రోజు ఆ సౌకర్యం లేదు కదా? న్యాయం అందరికీ ఒకటే ఉండాలి."

ఆవిడ సౌకర్యం అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆయన గొంతు తగ్గించి, దారి కూడా చెప్పాడు. అలాంటివాటికి దారులు చూపించడంలో ఆయనకు మంచి పేరుంది. మేకప్ మనిషి చేత పాత తేదీతో ఒక పద్దు రాయించాలి. దానికి తోడు పదిహేడో నంబరు ఫారం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. అంతే, మిగతాది తను చూసుకుంటాడు.

మేకప్ బాబాయి ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళను ఏడిపిస్తున్న మనిషి. సంగతి విని రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

"రెండు రాయనా అమ్మాయ్, మూడా?"

"ఒక్కటే వచ్చింది బాబాయ్."

"ఒక్క చుక్కకి సీసా మూత తియ్యం. కనీసం రెండు." రాశాడు. ఎడమ కన్ను, రెండు. సంతకం పెడుతూ ఆవిడ మొహం చూడలేకపోయాడు. "మీ అమ్మ నాకు వడియాలు పంపేదమ్మాయ్," అని మాత్రం అన్నాడు.

పదిహేడో నంబరు ఫారంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. "పై తేదీన, పై సమయమున నాకు ఎట్టి స్వంత దుఃఖమూ లేదనియు, నా కంట వచ్చిన నీరు పూర్తిగా వృత్తిపరమైనదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను." కింద గీత.

ఆ ఫారం మూడు రోజులు పెద్దకోడలి సంచిలోనే ఉంది. ఉద్యోగం లాంటి పాత్ర, పదకొండేళ్ళ జీవితం, సంతకం పెట్టకపోతే పోతుంది. పెడితే అమ్మ పోయినప్పుడు ఏడుపు రాలేదని తన చేత్తో తను రాసిచ్చినట్టు. నాలుగో రోజు చెల్లెలి ఇంటికి వెళ్ళింది. అమ్మ పోయినప్పటినుంచీ చెల్లెలు ముభావంగానే ఉంటోంది. ఫోన్ ఎత్తలేదని మనసులో ఉంది, పైకి అనదు. ఫారం చేతికిస్తే, ఉతికిన బట్టలు మడతపెడుతున్నది ఆగి రెండుసార్లు చదివింది.

"ఎట్టి స్వంత దుఃఖమూ లేదనా?"

"అలాగే రాయాలట."

చెల్లెలు ఒక దిండు గలీబు మడతపెట్టింది. ఇంకోటి మడతపెట్టింది.

"నువ్వు ఫోన్ ఎత్తలేదని నీ మీద కోపంగా ఉందక్కా నాకు. ఆ షాట్ టీవీలో వచ్చిన రోజున చూశాను. అప్పుడు తెలిసింది నీకు తెలుసని." ఫారం తిరిగి అక్క చేతిలో పెట్టింది. "పెట్టెయ్ సంతకం."

"అమ్మకి అన్యాయం చేసినట్టు ఉండదూ?"

"చివర్లో అమ్మ నిన్ను అడగలేదు. అది లేచిందా అని అడిగింది. లేచింది, నడుస్తోంది, ఆ చిన్నదాన్ని ఇంట్లోంచి గెంటేసింది అని చెప్పాను. నవ్వింది. అబద్ధం నేనొకటి చెప్పాను, నువ్వొకటి చెప్పు. కనీసం నాదన్నా నిజం అవుతుంది."

పెద్దకోడలు అక్కడే, బట్టల మడతల మీద ఫారం పెట్టి సంతకం చేసింది. తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఏ కన్ను, ఎన్ని చుక్కలని ఎవరూ రాసుకోలేదు.

మరుసటి సోమవారం పెద్దకోడలు కోమాలోంచి లేచింది. బుధవారానికి నడిచింది. శుక్రవారం చిన్నకోడలిని ఇంట్లోంచి గెంటేసింది (రచయితలు వద్దన్నా ఈ ఒక్కటీ పట్టుబట్టి రాయించుకుంది. చిన్నకోడలు కూడా సంతోషంగా ఒప్పుకుంది, ఆవిడకు పంటి వైద్యం కోసం సెలవు కావలసి ఉంది). ఆదివారం సాయంత్రం అవార్డులు.

హాలు కిటకిటలాడుతోంది. నలభై ఒకటో అవార్డుకు పెద్దకోడలిని పిలిచారు. ఇరవై సెకన్ల ప్రసంగం కార్డు మీద రాసే ఇచ్చారు: ఛానెల్‌కు, నిర్మాతకు, దర్శకుడి మార్గదర్శకత్వానికి, ప్రేక్షక దేవుళ్ళకు. ఆవిడ ట్రోఫీ అందుకుని కార్డు విప్పబోయింది. వ్యాఖ్యాత అడ్డుపడి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, "ఒక్క ప్రశ్న మేడం. ఆ ఒక్క చుక్క వెనక రహస్యం ఏంటి?" అని అడిగాడు.

పదిహేడో నంబరు ఫారం ఉందని ఆవిడకు గుర్తుంది. నోరు తెరిస్తే అవార్డు పోతుందనీ, అవార్డుతో పాటు మొన్న లేచిన మనిషి మళ్ళీ పడుకోవలసి వస్తుందనీ తెలుసు. అయినా ఇంతమంది ఎదుట ఆ మాట చెప్పకుండా దిగిపోవడం ఆవిడ వల్ల కాలేదు.

"ఆ షాట్ తీస్తున్నప్పుడు మా అమ్మ పోయింది," అంది. "నాకు తెలుసు. కళ్ళు తెరవలేదు."

తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. వరస వరసా లేచి నిలబడింది. వ్యాఖ్యాత మైకు అందుకుని, "చూశారా, స్టేజీ మీద కూడా అదే సహజత్వం," అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. మూడో వరసలో చిన్నకోడలు మాత్రం కూర్చునే ఉండి, మొహం చేతుల్లో దాచుకుంది.

స్టేజీ వెనక అర్హతల అధికారి ఎదురుచూస్తున్నాడు. పెద్దకోడలు ఆయన్ని చూడగానే అర్థం చేసుకుని, ట్రోఫీ ముందుకు చాపింది. ఆయన కంగారుగా రెండు చేతులూ ఊపాడు.

"అయ్యో, ఉంచండమ్మా. ఫారం ఉల్లంఘన అయ్యేది, హాల్లో ఎవరైనా నమ్మితే. ఎవరూ నమ్మలేదు. పైగా ఛానెల్ పెద్దసార్‌కి చాలా నచ్చింది. ఆ చప్పట్లు విని అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నారు, వచ్చే ఏడాదినుంచి స్వంత దుఃఖానికి కూడా ఒక విభాగం పెడుతున్నారు. ఈసారి దొంగచాటుగా కాదు, అంతా పద్ధతి ప్రకారం, ముందే నమోదు చేయించుకోవాలి." జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కలం విప్పి, ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "మొదటి దరఖాస్తు మీదే వేద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఇంకా పెద్దవాళ్ళెవరున్నారమ్మా?"

పెద్దకోడలికి ఇంకా చెవుల్లో చప్పట్లు హోరెత్తుతూనే ఉన్నాయి. పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పడం ఆవిడకు అలవాటు.

"మేనత్త ఒకావిడ ఉందండీ."

"వయసు?"

"డెబ్బై తొమ్మిది."

ఆయన రాసుకున్నాడు.